‘హ్యాజ్ స్టాప్డ్ వర్కింగ్’ అంటోందా? పాత కంప్యూటర్‌కి ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదవండి

బిల్లు కొడుతుంటే టాలీ మూసుకుపోయింది. పెళ్లికార్డు డిజైన్ చేస్తుంటే పేజ్‌మేకర్ ఆగిపోయింది. పిల్లాడు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేస్తుంటే బ్రౌజర్ మాయమైంది. స్క్రీన్ మీద చిన్న పెట్టె ఒకటి మిగిలింది. అందులో ఏదో ఇంగ్లిష్, కింద అంకెలు, అక్షరాలు కలిసిన ఓ కోడ్. చాలామంది చేసే పని ఒక్కటే. ‘క్లోజ్’ నొక్కేసి, మళ్లీ ఓపెన్ చేస్తారు. రెండోసారి, మూడోసారి కూడా అదే జరిగితే సీపీయూని బండి మీద పెట్టుకుని షాపుకి తీసుకెళ్తారు. అక్కడ వినిపించే మాట కూడా తెలిసిందే: “ఫార్మాట్ కొట్టేద్దాం.”

పలాస-కాశీబుగ్గ జీడి వ్యాపారులైనా, టెక్కలి గ్రానైట్ యూనిట్ల ఆఫీసులైనా, ఉద్దానం ఊళ్లలోని నెట్ సెంటర్లయినా.. పదేళ్లు దాటిన కంప్యూటర్లు ఇంకా చాలాచోట్ల పని చేస్తూనే ఉన్నాయి. వాటి ఖరీదు ఇప్పుడు పెద్దగా ఉండకపోవచ్చు. కానీ వాటిలో ఉన్న లెక్కలు, ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న భూమి కాగితాలకు మాత్రం ఖరీదు కట్టలేం. తొందరపడి ఫార్మాట్ కొట్టిస్తే పోయేవి అవే.

అసలు విషయం ఏంటంటే.. క్రాష్ అయిన ప్రతిసారీ తప్పు ఎక్కడుందో కంప్యూటర్ తనే రాసిపెడుతుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే సగం సమస్యలు ఇంట్లోనే తేలిపోతాయి. మిగతా సగానికి షాపువాళ్లకి సరిగ్గా చెప్పగలుగుతారు.

హ్యాంగ్ వేరు, క్రాష్ వేరు

ముందు ఈ తేడా తెలియాలి. ప్రోగ్రామ్ తెల్లగా మారి, మౌస్ గుండ్రంగా తిరుగుతూ ‘నాట్ రెస్పాండింగ్’ అని చూపిస్తే అది హ్యాంగ్. ప్రోగ్రామ్ ఇంకా ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది. ర్యామ్ చాలకపోయినా, హార్డ్‌డిస్క్ నెమ్మదించినా ఇలా అవుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే తిరిగి రావచ్చు.

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోయి, ‘హ్యాజ్ స్టాప్డ్ వర్కింగ్’ లాంటి పెట్టె వస్తే అది క్రాష్. చేయకూడని పని ఏదో చేయబోయింది కాబట్టి విండోసే దాన్ని బయటికి పంపేసిందన్నమాట. ఆ ఒక్క ప్రోగ్రామే పోతుంది, మిగతావి నడుస్తుంటాయి.

స్క్రీన్ మొత్తం నీలంగా మారి కంప్యూటరే రీస్టార్ట్ అయితే అది బ్లూ స్క్రీన్. ఈసారి తప్పు జరిగింది విండోస్ లోపలి భాగంలో. డ్రైవరో, ర్యామో, డిస్కో కారణం అయి ఉండొచ్చు.

2024 జులై 19న ప్రపంచమంతా చూసింది ఈ మూడో రకాన్నే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఓ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్‌తో ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు కూడా ఇచ్చారు. కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది. 20 గడుల్లో సమాచారం ఉంటే, ఆ ప్రోగ్రామ్ 21వ గడిని చదవబోయింది. లేని గడిలో చెయ్యి పెట్టింది. అంతే.

ఇంట్లో పాత కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు కూడా చాలాసార్లు జరిగేది ఇదే. మెమరీలో తనది కాని చోటుని ముట్టుకోబోతుంది, విండోస్ అడ్డుకుంటుంది.

ముందు ఫొటో, తర్వాత కాపీ

పెట్టె రాగానే క్లోజ్ నొక్కొద్దు. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా, స్క్రీన్‌ని ఫొటో తీయండి. విండోస్ 7లో అయితే పెట్టె కింద ‘వ్యూ ప్రాబ్లమ్ డీటెయిల్స్’ అని ఉంటుంది. దాన్ని నొక్కి, విప్పుకున్న వివరాలన్నీ వచ్చేలా ఇంకో ఫొటో తీయండి.

రెండో పని రిపేర్ కాదు, బ్యాకప్. కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతోందంటే అదే అదృష్టం. ముఖ్యమైన ఫోల్డర్లను వెంటనే పెన్‌డ్రైవ్‌లోకో, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేయండి. టాలీ వాడేవాళ్లు ‘డేటా’ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయాలి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లను మర్చిపోవద్దు. ఫార్మాట్ కొట్టినప్పుడు ఎక్కువమంది పోగొట్టుకునేవి అవే, ఎందుకంటే డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే.

కాపీ చేస్తుండగా హార్డ్‌డిస్క్ నుంచి ‘టిక్.. టిక్’ శబ్దం వస్తున్నా, కొన్ని ఫైళ్ల దగ్గర కాపీ ఆగిపోతున్నా జాగ్రత్త పడాలి. డిస్క్ పోతోందనడానికి అది గుర్తు. ఇక వేరే టెస్టులేవీ పెట్టొద్దు. అందినంత డేటా ముందు బయటికి తీసుకోండి.

పెట్టె మూసేశారా? రికార్డు ఉంటుంది

క్లోజ్ నొక్కేసినా పర్లేదు. విండోస్ 7, 10 రెండింటిలోనూ క్రాష్‌ల చిట్టా ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఇంగ్లిష్‌లో ‘రిలయబిలిటీ’ అని టైప్ చేస్తే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అని వస్తుంది. తెరిస్తే రోజులవారీగా ఓ గ్రాఫ్ కనిపిస్తుంది. 10 అంటే బాగున్నట్టు, 1 వైపు దిగుతోందంటే పాడవుతున్నట్టు. ఎర్ర ఇంటూ మార్కు ఉన్న రోజు మీద నొక్కితే ఏ ప్రోగ్రామ్ ఎన్ని గంటలకి పడిపోయిందో ఉంటుంది.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. మొదటి ఎర్ర మార్కు ఏ రోజు వచ్చింది? ఆ రోజో, ముందు రోజో ఏదైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా? ప్రింటర్ డ్రైవర్, యాంటీవైరస్, విండోస్ అప్‌డేట్.. ఇవన్నీ అదే గ్రాఫ్ కింద నమోదవుతాయి. చాలాసార్లు దొంగ అక్కడే దొరికిపోతాడు.

ఇంకా వివరంగా కావాలంటే స్టార్ట్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ అని టైప్ చేయండి. విండోస్ లాగ్స్‌లో ‘అప్లికేషన్’ తెరవండి. ఎర్ర గుర్తుతో ‘అప్లికేషన్ ఎర్రర్’, ఈవెంట్ ఐడీ 1000 అని ఉన్నవి క్రాష్‌లు. 1002 ఉంటే అది హ్యాంగ్.

చదవాల్సినవి మూడే

ఆ వివరాలు పేజీ నిండా ఉన్నా కంగారు అక్కర్లేదు. మూడు లైన్లు చాలు.

మొదటిది అప్లికేషన్ నేమ్. పడిపోయిన ప్రోగ్రామ్ పేరు.

రెండోది ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్. ప్రోగ్రామ్‌లో ఏ ముక్క దగ్గర తేడా వచ్చిందో ఇది చెబుతుంది. ఇక్కడ ప్రోగ్రామ్ పేరే మళ్లీ ఉంటే తప్పు చాలావరకు దానిదే. ఎన్‌వీ, ఐజీ, ఏటీఐ అక్షరాలతో మొదలయ్యే పేరు ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానపడాలి. ‘ఎన్‌టీడీఎల్‌ఎల్’ అని ఉంటే మాత్రం ఆ ఫైల్ పాడైందని అనుకోవద్దు. అది అన్ని ప్రోగ్రామ్‌లూ వెళ్లే దారి. దారిలో ఎవరో పడిపోయినంత మాత్రాన తప్పు దారిదే కాదు కదా.

మూడోది ఎక్సెప్షన్ కోడ్. ఇదే అసలైన క్లూ. కోడ్ సున్నా, ఎక్స్‌తో మొదలవుతుంది. తర్వాత సీ, ఆపై కొన్ని సున్నాలు వస్తాయి. ఆ సున్నాల తర్వాత చివర్లో ఏముందో చూస్తే సరిపోతుంది.

ఏ కోడ్ ఏం చెబుతోంది?

చివర్లో 5: దీన్ని ‘యాక్సెస్ వయొలేషన్’ అంటారు. లేని గడిలో చెయ్యి పెట్టడం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. టాలీ వాడేవాళ్లకి ‘మెమరీ యాక్సెస్ వయొలేషన్’ పేరుతో బాగా పరిచయం. ప్రోగ్రామ్ పాడవడం, డేటా ఫైల్ దెబ్బతినడం, యాంటీవైరస్ అడ్డుపడటం, ర్యామ్ తేడా.. ఏదైనా కారణం కావచ్చు. ఒక్క కంపెనీ లెక్కలు తెరిచినప్పుడే వస్తోంది, మిగతా కంపెనీలు బాగానే ఉన్నాయంటే తప్పు ఆ డేటాలోనే ఉంది. టాలీ ఈఆర్‌పీ 9లో దీనికోసం కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే వచ్చే ‘రీరైట్’ ఉంది. కానీ బ్యాకప్ కాపీ పక్కన పెట్టుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు.

చివర్లో 6: ‘ఇన్ పేజ్ ఎర్రర్’. ఇది కనిపిస్తే సీరియస్‌గా తీసుకోవాలి. ప్రోగ్రామ్ అడిగిన ముక్కని హార్డ్‌డిస్క్ నుంచి విండోస్ చదవలేకపోయిందని అర్థం. డిస్కో, దాని కేబులో, పెన్‌డ్రైవ్‌లో నుంచి నడిపిస్తుంటే ఆ పెన్‌డ్రైవో చూడాలి. ముందు బ్యాకప్.

చివర్లో 1డీ: ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’. పేరు చూసి భయపడొద్దు, దీనికి చట్టంతో సంబంధం లేదు. కొత్త ప్రోగ్రామ్ ఇచ్చిన ఆదేశం పాత ప్రాసెసర్‌కి అర్థం కాలేదన్నమాట. ఉదాహరణకి ఏవీఎక్స్ అనే ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2011లో వచ్చాయి. కోర్ 2 డుయో కంప్యూటర్లలో అవి ఉండవు. అవి కావాలనే గేమ్‌ని దానిలో ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా నడవదు. ఆ ప్రోగ్రామ్‌కి పాత వెర్షన్ వెతుక్కోవడమే దారి.

చివర్లో 7బీ: 32 బిట్, 64 బిట్ గొడవ. ప్రోగ్రామ్ ఒక రకం, దానికి దొరికిన డీఎల్‌ఎల్ ఫైల్ ఇంకో రకం. నెట్‌లో ఎక్కడి నుంచో డీఎల్‌ఎల్ తెచ్చి పెట్టినవాళ్లకి ఎక్కువగా వచ్చేది ఇదే.

చివర్లో 135: ప్రోగ్రామ్‌కి కావాల్సిన ఫైల్ అసలు లేదు. చాలాసార్లు మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ఇన్‌స్టాల్ చేస్తే తీరిపోతుంది.

చివర్లో 142: ఫైల్ ఉంది కానీ మొదలవ్వలేకపోయింది. రీస్టార్ట్ చేసి చూడండి. తగ్గకపోతే ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేయాలి.

ఒక్కటే పడిపోతోందా, అన్నీనా?

కోడ్ చూశాక వేసుకోవాల్సిన పెద్ద ప్రశ్న ఇది. ఒకే ప్రోగ్రామ్, ఒకే పని చేస్తున్నప్పుడు పడిపోతోందంటే తప్పు ఆ ప్రోగ్రామ్‌లోనో, అది తెరిచే ఫైల్‌లోనో ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం ఫార్మాట్ కొట్టడమంటే ఒక్క పెంకు కారుతోందని ఇల్లంతా విప్పేయడమే.

ఇవాళ బ్రౌజర్, రేపు వర్డ్, ఎల్లుండి ఫొటోలు చూసే ప్రోగ్రామ్, రోజుకో కొత్త కోడ్.. ఇలా ఉంటే మాత్రం విండోస్ ఫైళ్లో, ర్యామో, డిస్కో, కరెంటో అనుమానించాలి.

ఒక్క ప్రోగ్రామే అయితే ఇలా చేయండి

1. రీస్టార్ట్ చేయండి. మామూలు మాటే అయినా, వారాల తరబడి స్లీప్‌లో పెట్టి వాడే కంప్యూటర్లలో చాలావాటికి ఇదే మందు.

2. సీ డ్రైవ్‌లో ఖాళీ చూడండి. ఎర్ర గీత కనిపిస్తుంటే ప్రోగ్రామ్‌లకి తాత్కాలిక ఫైళ్లు రాసుకునే చోటు ఉండదు. ‘డిస్క్ క్లీనప్’ నడిపించండి. వీడియోలను వేరే డ్రైవ్‌లోకి మార్చండి.

3. ‘ఎంఎస్‌వీసీపీ140’, ‘వీసీరన్‌టైమ్140’ లాంటి డీఎల్‌ఎల్ లేదని వస్తే ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ని మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచే దించుకోండి. 64 బిట్ విండోస్ అయితే ఎక్స్86, ఎక్స్64 రెండూ వేయాలి. పాత గేమ్ ‘డీ3డీఎక్స్9’తో మొదలయ్యే ఫైల్ అడిగితే కావాల్సింది డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్.

4. పాత ప్రోగ్రామ్‌ని కొత్త విండోస్‌లో వాడుతుంటే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘కంపాటిబిలిటీ’కి వెళ్లండి. విండోస్ ఎక్స్‌పీ లేదా 7 మోడ్ ఎంచుకోండి.

5. అప్పటికీ తగ్గకపోతే ప్రోగ్రామ్‌ని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ వేయండి. తీసేముందు దాని సెటప్ ఫైల్, లైసెన్స్ నంబర్ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి.

చివరి మాట డీటీపీ సెంటర్లవాళ్లకి మరీ ముఖ్యం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత పని యూనికోడ్ తెలుగు కాదు. ఫార్మాట్ కొట్టాక ఆ ఫాంట్లు, అను స్క్రిప్ట్ మేనేజర్ మళ్లీ దొరక్కపోతే ఫైల్ ఉన్నా తెలుగు కనిపించదు, పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్లతోపాటు ఫాంట్ల ఫోల్డర్‌నీ, సాఫ్ట్‌వేర్ సెటప్‌నీ కాపీ చేసి పెట్టుకోవాలి.

అన్నీ పడిపోతుంటే..

ముందు డిస్క్ సంగతి తేల్చుకోండి. ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ అనే ఫ్రీ ప్రోగ్రామ్ హార్డ్‌డిస్క్ ఆరోగ్యాన్ని ‘గుడ్’, ‘కాషన్’, ‘బ్యాడ్’ అని చూపిస్తుంది. గుడ్ కాకపోతే డిస్క్ మార్చే ఆలోచన చేయాలి, మిగతా రిపేర్లు తర్వాత.

డిస్క్ బాగుంటే విండోస్ ఫైళ్లు చూడాలి. స్టార్ట్‌లో ‘సీఎండీ’ అని టైప్ చేసి, రైట్ క్లిక్‌తో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. నల్ల స్క్రీన్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్‌ఎఫ్‌సీ కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, దానికి ఆనించి స్కాన్‌నౌ అని కొట్టి ఎంటర్ నొక్కండి. పాత కంప్యూటర్‌లో చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపొద్దు. పాడైన విండోస్ ఫైళ్లను అదే వెతికి సరిచేస్తుంది.

తర్వాత ర్యామ్. స్టార్ట్‌లో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని టైప్ చేస్తే రీస్టార్ట్ అయి టెస్ట్ చేస్తుంది. ర్యామ్ స్టిక్కులు రెండు ఉంటే ఒక్కొక్కటే పెట్టి నడిపించి చూడటం ఇంకా తేలిక. ఏది పెట్టినప్పుడు క్రాష్ వస్తోందో దానిదే తప్పు.

ఉప్పుగాలి, కరెంటు: ఉద్దానం కంప్యూటర్ల కష్టాలు

హైదరాబాద్‌లోని కంప్యూటర్‌కి లేని రెండు సమస్యలు బారువ, భావనపాడు, వజ్రపుకొత్తూరు లాంటి తీర ప్రాంతాల కంప్యూటర్లకి ఉంటాయి.

మొదటిది ఉప్పుగాలి. గాలిలోని ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. బోర్డు మీద దుమ్ముతో కలిసి పొరలా కూర్చుంటుంది. ర్యామ్ కాళ్లు, కేబుల్ కొనలు మెల్లగా నల్లబడతాయి, పచ్చబడతాయి. కనెక్షన్ ఓ క్షణం ఉంటుంది, ఓ క్షణం పోతుంది. ఫలితం.. కారణం లేకుండా, రోజుకో రకం క్రాష్. ప్లగ్ పూర్తిగా తీసేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ఓసారి ముట్టుకుని, ర్యామ్ స్టిక్ బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, పొడి దులిపి మళ్లీ పెడితే చాలా కంప్యూటర్లు దారిలో పడతాయి. రిపేర్ షాపుల్లోనూ మొదట చేసేది ఇదే. తడిగుడ్డ మాత్రం వాడొద్దు. కంప్యూటర్‌ని సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. వాడనప్పుడు కవర్ వేయండి. కానీ ఆన్‌లో ఉన్నప్పుడు కవర్ వేసి గాలి ఆడకుండా చేయొద్దు, వేడికి కూడా క్రాష్‌లు వస్తాయి.

రెండోది కరెంటు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటాక చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అంత పెద్ద తుపాను రాకపోయినా వానాకాలంలో కరెంటు పోవడం, రావడం, లో వోల్టేజీ మామూలే. ఫైల్ రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైల్ సగంలో ఆగిపోతుంది. మర్నాడు ఆ ఫైల్ తెరవగానే క్రాష్. తప్పు ప్రోగ్రామ్‌ది అనిపిస్తుంది, కానీ అసలు కారణం నిన్నటి కరెంటు కోత. అందుకే పాత కంప్యూటర్‌కి కొత్త ర్యామ్ కన్నా ముందు పనిచేసే యూపీఎస్ ఉందో లేదో చూడండి. యూపీఎస్ ఉన్నా, కరెంటు పోగానే అది కూడా ఆగిపోతోందంటే బ్యాటరీ అయిపోయినట్టే. ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్ తీసేయాలి. ఇంటర్నెట్ కేబుల్ కూడా.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందా? బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ వెబ్‌సైట్లను నమ్మదు, కొన్ని ప్రోగ్రామ్‌ల లైసెన్స్ చెల్లదంటుంది. దీన్ని మార్చడం తక్కువ ఖర్చుతో అయిపోయే పని.

విండోస్‌కే వయసైపోతే?

కొన్ని క్రాష్‌లకి ఎవరి తప్పూ ఉండదు. కాలం మారింది, అంతే. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 8.1కి 2023 జనవరి 10తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరిన ఇళ్ల కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇచ్చింది.

సపోర్ట్ ఆగిపోయిందంటే కంప్యూటర్ ఆగిపోయినట్టు కాదు. కానీ కొత్త ప్రోగ్రామ్‌లు దాన్ని లెక్కలోకి తీసుకోవు. విండోస్ 7, 8.1లో నడిచే చివరి క్రోమ్ వెర్షన్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. విండోస్ 7లో కొత్త ప్రోగ్రామ్ వేస్తే ‘ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్’ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. కొత్త ప్రోగ్రామ్ అడిగే సదుపాయం పాత విండోస్‌లో లేదని దానర్థం. దానికి రిపేర్ లేదు.

అలాంటప్పుడు కంప్యూటర్‌ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. పాత టాలీ, పేజ్‌మేకర్ లాంటి పనులకి ఇంటర్నెట్ తీసేసి అలాగే ఉంచడం ఒకటి. బ్యాంకు పనులు, అప్లికేషన్లు, ఓటీపీ వ్యవహారాలు మాత్రం అందులో చేయొద్దు. నెట్ చూడటమే ముఖ్యమనుకుంటే లినక్స్ మింట్ లాంటి ఫ్రీ సిస్టమ్ వేసుకోవడం ఇంకొకటి. 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే పాత కంప్యూటర్ కూడా బాగానే నడుస్తుంది.

ఇవి మాత్రం చేయొద్దు

డీఎల్‌ఎల్ ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే వెబ్‌సైట్ల నుంచి ఏదీ దించుకోవద్దు. తప్పు ఫైల్ వస్తే 7బీ ఎర్రర్, ఖర్మ కాలితే వైరస్.

‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి కాల్ చేయండి’ అని స్క్రీన్ మీద వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. రిమోట్ యాప్ వేయించుకుని డబ్బు లాగేస్తారు. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పడిపోతుంటే దాని కోసం యాంటీవైరస్ ఆపేయొద్దు. ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అని రాసి ఉందంటే ఎందుకు రాశారో ఆలోచించండి.

ఒకేసారి నాలుగు మార్పులు చేయొద్దు. ఒకటి చేసి చూడండి, తగ్గకపోతే రెండోది. లేకపోతే దేనితో తగ్గిందో తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు.

షాపుకి వెళ్లాల్సి వస్తే

కొన్ని ఇంట్లో తేలవు. ఆన్ చేయగానే బీప్ బీప్ శబ్దాలు, కాలిన వాసన, బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు, డిస్క్ శబ్దం.. వీటికి షాపుకి వెళ్లక తప్పదు. అప్పుడు ‘సిస్టమ్ పని చేయట్లేదు’ అని చెప్పకుండా, తీసిన ఫొటోలు చూపించండి. ఏ ప్రోగ్రామ్, ఏ కోడ్, ఎప్పటి నుంచి, ఏం చేస్తుండగా.. ఈ నాలుగూ చెప్పండి. ఏమేం ప్రయత్నించారో కూడా చెప్పండి.

“ఫార్మాట్ చేయాలి” అంటే ఒక్క మాట అడగండి: “ఎందుకు? డిస్క్ టెస్ట్ చేశారా?” డిస్కే పోతుంటే ఫార్మాట్ కొట్టినా నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ. నిజంగా ఫార్మాట్ అవసరమైతే బ్యాకప్ ఎవరు తీస్తారు, ఏ ఫోల్డర్లు తీస్తారు, ఫాంట్లు, టాలీ డేటా అందులో ఉన్నాయా అని ముందే తేల్చుకోండి. తీసిన బ్యాకప్‌ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే సరే అనండి.

కంప్యూటర్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. పదేళ్ల లెక్కలు, తిత్లీకి ముందు తీసుకున్న ఇంటి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు మాత్రం ఏ షాపులోనూ దొరకవు. ఈసారి ఆ పెట్టె వస్తే క్లోజ్ నొక్కే ముందు ఫోన్ తీసి ఓ ఫొటో తీయండి. ఇంకా రాలేదా? అయితే బ్యాకప్ ఇవాళే తీసి పెట్టుకోండి.